రత్నం పిన్ని సోయా చేను

రండి, అలా గుమ్మం పట్టుకుని నిలబడి వినే సంగతి కాదిది. చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి రండి, మధ్యలో లేచారంటే నాకు కోపం వస్తుంది. అసలే పొద్దుటి నుంచి కోపంగా ఉన్నాను. గుడివాడలో మా కోడలి వంటింట్లో ఆ పిల్ల కూరకని మీల్ మేకర్ ఉండలు వేడినీళ్ళలో వేసింది. ఆవిరి లేచింది. తడిసిన గోనెసంచీ, పచ్చి చిక్కుడు గింజా కలిసినట్టుండే ఆ సోయా వాసన ముక్కుకు తగలగానే కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. "ఏంటత్తయ్యా, మీకు పడదా?" అని అడిగింది కోడలు. పడకపోవడం కాదు. ఆ వాసన వస్తే నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. ఆ మనిషికి జరిగింది గుర్తొస్తే ఇన్నేళ్ళయినా ఒళ్ళు మండుతుంది. వంకాయలు పక్కన పెట్టి కోడలికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

ఆమె పేరు శేషారత్నం. బందరులో మా పుట్టింటి వీధిలో పుట్టిన మనిషి కనుక నాకు పిన్ని అయింది, రక్తసంబంధమేమీ లేదు. నాకన్నా చాలా ఏళ్ళ ముందే దివిసీమకు కోడలిగా వచ్చింది. అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది ఆ ఊరు. తర్వాత నేనూ ఆ ఊరికే కోడలినయ్యాను. అప్పటికే పిన్నికి భర్త పోయాడు. పిల్లలు లేరు, సొంత పొలం లేదు. చల్లపల్లిలో కాపురముండే ఒక ఆసామి చేను కౌలుకు తీసుకుని తానే చేసుకునేది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, భుజాన పార పెట్టుకుని గట్టు మీద నడుస్తుంటే మగవాళ్ళు మేస్త్రిగారు వస్తున్నారు దారివ్వండి అని ఎగతాళి చేసేవారు. దారి అక్కర్లేదు, మీకు చేతకాని పనేమైనా ఉంటే ఇవ్వండి అనేది ఆమె, నడక ఆపకుండా.

నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో ఎవరితోనూ గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. బందరు నుంచి వచ్చిన పిల్ల, పట్నం పోకడలు అంటారేమోనని భయం. ఒకరోజు పంపు దగ్గర వరసలో పెట్టిన నా బిందె, నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి అందరికన్నా వెనక ఉంది. నేను మాట్లాడకుండా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. పిన్ని చూసింది. బిందె ఎవరు జరిపారని అడిగింది. ఏమో పిన్నీ, జరిగింది అన్నాను. అప్పుడామె అందరికీ వినపడేలా అన్నది: "బిందెకు కాళ్ళున్నాయటే? ఎవరో జరిపారు. ఎవరో అడుగు. నీళ్ళు తర్వాత పట్టుకుందువుగాని." నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా అడిగాను. వరసలో ముందున్నావిడ బిందె తీసి మళ్ళీ ముందు పెట్టింది. ఇంటికి వెళ్ళేదాకా నా కాళ్ళు నేల మీద లేవు. అడిగితే జవాబు వస్తుందని నాకు తెలిసింది ఆ పూటే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కృష్ణా పుష్కరాలు రావడానికి కొంచెం ముందు, కాలవలకు వేళకు నీళ్ళు రాని ఏళ్ళు కొన్ని వచ్చాయి మీకు గుర్తుందా? పైనున్న ఉయ్యూరు వాళ్ళకే గగనమైతే, సముద్రానికి చేరువలో కాలవ చిట్టచివర ఉన్న మా శివారు పొలాల సంగతి అడగాలా? ఆషాఢం వెళ్ళింది, నారుమళ్ళు పోసే వేళ దాటిపోయింది, కాలవలో మేకలు పడుకుంటున్నాయి. మగవాళ్ళు పొద్దున్నే వెళ్ళి వంతెన మీద కూర్చుని కాలవ పై వైపు చూడటం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. పెళ్ళివారి కోసం చూసినట్టు చూసేవాళ్ళు.

అప్పుడు అవనిగడ్డలో ఒక మీటింగు పెట్టారు. వ్యవసాయం ఆఫీసరని ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడే, చెప్పడం కూడా బాగా చెప్పాడు. వరి కోసం కూర్చుంటే భూమి బీడవుతుంది, సోయాచిక్కుడు వేయండి, వానకు వచ్చే తడి చాలు అన్నాడు. ఈ పైరు తన ఎరువు తానే చేసుకుంటుంది, నేలకు కూడా కొంత మిగులుస్తుంది, తర్వాత వేసే మినుముకు బాగుంటుంది అన్నాడు. పప్పుల్లో దీనికున్న బలం దేనికీ లేదు, మాంసం కొనలేని ఇంట్లో పిల్లలకు ఇది పెడితే చాలు అన్నాడు. ఉడకబెట్టిన సోయా గుగ్గిళ్ళు ఆకుదొన్నెల్లో అందరికీ పంచారు. మా ఊరి మగవాళ్ళు రెండు గింజలు నమిలి దొన్నెలు బెంచీల కింద పెట్టేశారు. గేదెలకు పెట్టేది మనకు పెడుతున్నారని గుసగుసలు. పిన్ని మాత్రం తన దొన్నె తిని, పక్కన పెట్టేసిన మా మామగారి దొన్నె కూడా తీసుకుని తినేసింది.

ఆ కుర్రాడు ఒక్క మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు. ఈ పైరు వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే చచ్చిపోతుంది. కాబట్టి ఒకచోట కలిసి ఉన్న చేలన్నీ సోయాయే వేయాలి, ఒకరు సోయా, పక్కవాళ్ళు వరి అంటే కుదరదు అని. ఎందుకో మీకు చెప్పాలి. మా దగ్గర ప్రతి చేనుకూ విడిగా కాలవ లేదు. కాలవ నుంచి నీళ్ళు మొదటి చేనులోకి దిగుతాయి. అది నిండాక గట్టుకు కొట్టిన మడవలోంచి, అంటే నీళ్ళు దిగడానికి వదిలిన సందులోంచి, రెండో చేనుకు వెళ్తాయి. దాన్నుంచి మూడో చేనుకు. ఒకరి చేలో నడిచిన నీళ్ళే ఇంకొకరికి. అందరిదీ వరి అయినంత కాలం అది ఎవరికీ బరువు కాదు. పిన్ని చేను నడుమ ఉంది. మా మామగారి చేను దాని కిందిది. పిన్ని చేలోంచి వస్తే తప్ప మాకు చుక్క రాదు.

ఆఫీసరు అందరినీ అడిగాడు, సరేనా అని. మా మామగారే ముందుగా లేచి అలాగేనండి అన్నారు. మిగతావాళ్ళూ అలాగేనండి, అలాగేనండి అన్నారు. విత్తనాల సంచులు తీసుకుని బస్సెక్కారు. మా కృష్ణా జిల్లా మర్యాద మీకు తెలియంది కాదు. మొహం మీద కాదనడం మాకు రాదు. ఎదుటివాడు ఎండన పడి వచ్చాడు, నొచ్చుకుంటాడు, అందుకని అలాగేనండి అంటాం. అనేసి ఇంటికి వచ్చి మన పని మనం చేసుకుంటాం. ఆ మాటకు అర్థం అంతేనని పిన్నికి తెలియదా అంటే తెలుసు. కానీ ఇంతమంది ఎదుట, ఇంత కరువులో, విత్తనం చేతికి తీసుకుని అన్న మాట కదా, ఈసారి నిజమే అనుకుంది. అందరిలోకీ ఆమె ఒక్కతే నమ్మింది. మిగతా సంచులన్నీ అటకలెక్కాయి.

వాన పడగానే పిన్ని విత్తింది. మేమైతే మినుములు కోతకు ముందు వరి చేలోనే గుప్పిళ్ళతో చల్లేస్తాం. సోయా గింజ అలా కాదట, సున్నితం, సంచి ఎత్తి పడేసినా మొలక దెబ్బతింటుందట. నాగలి చాలు వెంట తాడు కట్టి ఒక్కొక్క గింజా వేసింది. అంతకుముందు బెల్లం నీళ్ళు కాచి, చల్లార్చి, వేళ్ళు ఎరువు చేసుకోవడానికని ఆఫీసరు ఇచ్చిన నల్లపొడి అందులో కలిపి గింజలకు పట్టించి నీడన ఆరబెట్టింది. ఊరంతా నవ్వింది. రత్నం గింజలకు జీలకర్రా బెల్లం పెడుతోంది, పెళ్ళికి పిలుస్తుందో లేదో అన్నారు మా మామగారు అరుగు మీద కూర్చుని. పిలుస్తానన్నయ్యా, నువ్వే కన్యాదాతవి, మాటిచ్చావుగా, నీ సంచి ఎప్పుడు దించుతావు అని పిన్ని అడిగింది. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వారు.

చేను లేచింది. ఆ ఏడు మా వైపు పచ్చగా ఉన్న చేను అదొక్కటే. చుట్టూ నెర్రెలిచ్చిన నల్లనేల, నడుమ అదొక్కటి దుప్పటి పరిచినట్టు. నాకు అప్పుడు రెండో కాన్పు అయి ఏడాది. ఒంట్లో రక్తం లేదు, మెట్లెక్కితే ఆయాసం. పిన్ని గుడ్డసంచిలో సోయాగింజలు పట్టుకొచ్చింది. విత్తనం కాదు, తినడానికని అవనిగడ్డ కొట్లో కొన్నవి. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించి, పోపు పెట్టి నా ముందు కూర్చుని తినిపించేది. సరిగా ఉడక్కపోతే కడుపుకు పడదు, తొందరపడి దించకు అని నేర్పింది. దోసెల పిండిలో మినప్పప్పు కొంచెం తగ్గించి ఇవి కలిపి రుబ్బేది. మా అత్తయ్య కూడా ఆ దోసెలు తిన్నది, ఏం కలిపిందో తెలియక మెచ్చుకుంది, తెలిశాక తిట్టింది. నాకు నెమ్మదిగా ఒంట్లో సత్తువ వచ్చింది. అది సోయాదో, ఎదురుగా కూర్చుని తిను తిను అనే మనిషి ఉన్నందువల్లనో నేను చెప్పలేను.

ఒకరోజు చేలోకి తీసుకెళ్ళి ఒక మొక్క పెకలించి చూపించింది. వేళ్ళకు సగ్గుబియ్యంలా బుడిపెలు. గట్టు మీద వెళ్తున్నవాళ్ళు చూసి వేరుకు చీడ పట్టిందన్నారు. పిన్ని ఒక బుడిపెను గోటితో చీల్చింది. లోపల పచ్చి పుండులా ఎర్రగా ఉంది. ఎరువు తయారయ్యేది ఇందులోనేనట, ఎర్రగా ఉంటే బతికున్నట్టట. మినుముకూ ఉంటాయట, మన తాతల నుంచి మినుము వేస్తున్నాం, ఒక్కరమైనా పీకి చూశామటే అన్నది. ఆ మొక్కను మళ్ళీ నేలలో పెట్టి మట్టి కప్పింది, బతకదని తెలిసీ.

భాద్రపదంలో నీళ్ళొచ్చాయి. పూత రాలి కాయ కట్టే వేళ అది. పొద్దున్నే ఊళ్ళో కేక. కాలవలో ఎర్రనీళ్ళు, మీద నురగ, ఎండిన తూటుకాడలు కొట్టుకొస్తున్నాయి. ఆడవాళ్ళం పసుపూ కుంకుమా చల్లాం. నేనూ చల్లాను, ఏడ్చాను కూడా. మా వాళ్ళకు కాలవలో నీళ్ళు కనబడితే చేతులు ఆగవు. వేళ మించిందా, పంట చేతికొస్తుందా, పక్కవాడికి ఏమవుతుంది, ఇవేవీ తలకెక్కవు. తూములు ఎత్తారు, బురద చేశారు. చెరువు నీళ్ళతో ఎలాగో బతికించుకున్న ముదురు నారు పీకి నాట్లకు దిగారు. సోయా సంచులు అటకల మీద ఎలుకలు తింటున్నాయి. అవనిగడ్డలో అన్న మాట ఎవరికీ గుర్తు లేదు.

పిన్ని పరుగెత్తుకుంటూ వెళ్ళి పై మడవ కట్టేసింది. అప్పుడు మొదలైంది. కిందనున్నవాళ్ళంతా, అందులో మా మామగారు ముందు, ఆమె గట్టు మీదికి చేరారు. నీటి సంఘం పెద్దాయన కూడా వచ్చాడు. నీళ్ళు ఆపడానికి నీకేం హక్కుంది అన్నారు. ఒకరి కోసం ఇంతమంది నోట్లో మట్టి కొడతావా అన్నారు. పిన్ని అరవలేదు. మీటింగులో తలూపినప్పుడు ఈ ఇంతమంది ఎక్కడున్నారని అడిగింది. అప్పుడామె తన చేనంతా ఒకసారి చూసుకుని, సరే, మీ నీళ్ళు మీకు రావాలి, నా చేను నాకుండాలి, బోదె తవ్వుతాను అన్నది. బోదె అంటే పిల్లకాలవ. ఆమె చేలోనే, ఆమె పైరులోనే, పై గట్టు నుంచి మా గట్టు దాకా.

కాయ మీదున్న సోయా మొక్కల్ని తన చేత్తో తాను పీకింది. ఒక్కొక్క మొక్కా పీకి మట్టి దులిపి ఒడిలో వేసుకుంటుంటే చూడలేకపోయాను. సాయానికి ఒక్కరు రాలేదు. నీళ్ళు కావలసినవాళ్ళంతా గట్ల మీద కూర్చుని బీడీలు కాలుస్తూ తొందరగా కానియ్యమ్మా అంటున్నారు. నేను ఇంటికి వెళ్ళి పార తెచ్చుకున్నాను. పరువు తీయకు అన్నాడు మా ఆయన. పాలిచ్చేదానివి, బురదలో దిగకు అంది అత్తయ్య. దిగాను. ఇద్దరం సాయంత్రందాకా తవ్వాం. రెండు పక్కలా మట్టి ఎత్తుగా పోసి కాళ్ళతో తొక్కి గట్టి చేశాం. మర్నాడు ఆ బోదెలోంచి మా చేలోకి నీళ్ళు దిగుతుంటే, పక్కన సోయా పొడిగా, నిటారుగా నిలబడి ఉంది. పిన్ని మొహంలో ఆ రోజు చూసినంత వెలుగు మళ్ళీ చూడలేదు.

ఆ సంతోషం ఎన్నో రోజులు నిలవలేదు. ఒక తెల్లవారుజామున నేను కల్లాపికి లేచేసరికి మా మామగారు పెరట్లో పార కడుగుతున్నారు. ఆయన పార ఎప్పుడూ కడగరు, అది మా ఆయన పని. ఆయన లోపలికి వెళ్ళాక చూశాను. కర్రకూ రేకుకూ సందున బురదలో మూడేసి ఆకుల సోయా రెమ్మలు ఇరుక్కుని ఉన్నాయి. పేడనీళ్ళ బకెట్టు అక్కడే వదిలేసి పొలానికి వెళ్ళాను. బోదె గట్టు నాలుగుచోట్ల తెగి ఉంది. సోయా చేనంతా నీళ్ళు. మొక్కల తలలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. నీళ్ళు చేనంతా పరుచుకుని, గట్టు పొర్లి, మా చేలోకి విరగబడి దిగుతున్నాయి.

ఊరు చేరింది. పిన్ని నీళ్ళలో మోకాటిలోతున నిలబడి ఎవరు తెంచారని అడిగింది. నీళ్ళ ఉరవడికి తెగిందమ్మా అన్నాడు నీటి సంఘం పెద్దాయన. కొత్త మట్టి కదా, ఆడవాళ్ళు వేసిన గట్టు ఎంతని ఆగుతుంది అన్నాడు ఇంకొకాయన. పిన్ని ఒక్కొక్కరి మొహం చూసి ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది. అందరూ అదే మాట, నీళ్ళే తెంచుకున్నాయని. మా మామగారి వంతు వచ్చింది. ఆయన కూడా అదే అన్నారు. నేను ఆ ఇంటి కోడలిని. ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది. పక్కనే మా ఆయన ఉన్నాడు.

"మా మావయ్యగారే తెంచారు పిన్నీ," అన్నాను. "పార మీద సోయా ఆకులున్నాయి."

మా ఆయన నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. మా మామగారు తలెత్తలేదు, అలాగని బుకాయించనూ లేదు. "అవును, నేనే. నారు ముదిరిపోతోంది. ఆ సన్నధార నా చేనుకు ఎప్పటికి చాలుతుంది?" అన్నారు.

పిన్ని ఆయన దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాం. ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"నీ వరి ఎండకూడదనే కదన్నయ్యా, కాయ మీదున్న మొక్కలు నా చేత్తో నేను పీక్కుంది. చాలట్లేదని ఒక్క మాట వచ్చి అడిగితే ఇంకో వరస పీకేదాన్ని కదా."

జరిగిందేదో జరిగింది, ఆడవాళ్ళు గట్ల మీద పంచాయితీలు పెట్టకూడదు, పదండి అన్నాడు పెద్దాయన. పదండి అంటే అందరూ వెళ్ళిపోయారు. నాకు అసలు కోపం అక్కడ. తెంచినవాడు ఒక్కడు. ఆ నీళ్ళు తాగిన చేలు అందరివీ. ఆ పూట ఒక్కరైనా ఆగి ఇంత మట్టి తీసి ఆ గండ్లు పూడ్చి ఉంటే చేను సగమైనా దక్కేది. మేమిద్దరమే గూడ వేశాం. తెలియనివాళ్ళకు చెప్తున్నాను, గూడ అంటే తాళ్ళు కట్టిన బుట్ట, ఇద్దరు చెరోవైపు నిలబడి ఊపుతూ నీళ్ళు తోడిపోస్తారు. ఎటు తోడతాం? చుట్టూ చేలన్నీ నిండి ఉన్నాయి. పోసిన నీళ్ళు పోసినట్టే వెనక్కి వచ్చాయి. నా చేతులు బొబ్బలెక్కాక పిన్నే తాడు వదిలేసింది, చాల్లే, ఇంటికి వెళ్ళి పిల్లకు పాలివ్వు అని.

సోయా ముందు పసుపుపచ్చగా మారింది, తర్వాత గోధుమరంగుకు తిరిగింది, తర్వాత వాసన మొదలైంది. ఆఫీసరు కుర్రాడు వచ్చి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు, నిజమే చెప్తున్నాను. కానీ నీళ్ళొదిలేది మేం కాదమ్మా, ఎప్పుడొదులుతారో మాకూ చెప్పరు అన్నాడు. మరి వేయమని చెప్పింది నువ్వే కదయ్యా, చెప్పేముందు వాళ్ళనెందుకు అడగలేదు అని పిన్ని అడిగింది. అతను చేతులు నలుపుకుంటూ నిలబడి, బస్సు వేళైందని వెళ్ళాడు. ఒకరు పైరు మార్చమంటారు, ఇంకొకరు నీళ్ళొదులుతారు, ఊళ్ళోవాళ్ళు తలూపుతారు. అందరూ కలిసి నమ్మినవాళ్ళ చేను ముంచుతారు. ఎవరి తప్పూ ఉండదు. పై గట్టు వెంట మెరక మీద రెండు మూడు వరసలు మాత్రం బతికాయి. వాటిని పిన్ని కోసి, ఎండకు ఎక్కువ పెట్టకుండా నీడన ఆరబెట్టి, చిన్న కర్రతో మెల్లగా కొట్టి గింజ తీసింది. పసిపిల్లకు నూనె రాసినంత నెమ్మదిగా.

మా చేను పండింది. బాగానే పండింది. పాపం చేసినవాళ్ళకు పంట రాదంటారే, అలాంటిదేమీ జరగలేదు. కోతలకు మనుషులు కావాలంటే పిన్ని కూడా కొడవలి పట్టుకుని వచ్చింది. కౌలు చేలో పైరు పోయాక కూలికి రాక ఏం చేస్తుంది? ఆమె వంగి కోస్తున్నంతసేపూ మా మామగారు ఆ గట్టుకు రాలేదు. కొత్త బియ్యం ఇంటికి వచ్చాయి. నాకు ఆ అన్నం గొంతు దిగలేదు. వండి అందరికీ వడ్డించి, నేను మాత్రం రేషను బియ్యం విడిగా ఇంత ఉడకేసుకునేదాన్ని, ఒక్కోరోజు అదీ లేదు. మళ్ళీ ఆయాసం మొదలైంది, పిల్లకు పాలు తగ్గాయి. అత్తయ్యకు ఏం చేయాలో తోచక, పంపు దగ్గర పిన్నికే చెప్పుకుంది.

పిన్ని మా ఇంటికి వచ్చింది. ఆ గొడవ తర్వాత మా గడప తొక్కడం అదే మొదలు. మా మామగారు అరుగు మీద ఉన్నారు. ఆయన పక్కనుంచే లోపలికి వచ్చి, వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుని, అన్నం పెట్టు అన్నది. రేషను బియ్యం అన్నం పెట్టబోయాను. అది కాదు, ఆ గిన్నెలోది పెట్టు అన్నది. కొత్త బియ్యం అన్నం, పప్పు, గోంగూర పచ్చడి వేశాను. కలుపుకుని సుబ్బరంగా తింటూ ఇంకో కంచం పెట్టి నన్ను కూర్చోబెట్టింది. అరుగు మీదికి వినపడుతుందని ఆమెకు తెలుసు.

"ఈ వరి నేను కోసింది. నేను తింటున్నా. బియ్యం ఏం చేశాయే? తిను. తిని, ఆ మనిషిని అడుగు. కడుపు మాడ్చుకుంటే నీకు నోరు పెగలదు. వాళ్ళకు కావలసిందీ అదే."

తిన్నాను. ఏడుస్తూ తిన్నాను, కడుపునిండా తిన్నాను.

కొన్నేళ్ళకు చల్లపల్లి ఆసామి ఆ చేనును రొయ్యల చెరువుకు ఇచ్చేశాడు. పొక్లెయిన్లు వచ్చి తవ్వాయి, ఉప్పునీళ్ళు పెట్టారు. కింద ఉన్న మా చేనుకు ఉప్పు ఊరింది, పక్క బావిలో నీళ్ళు నోట పెట్టలేకపోయాం. లారీల్లో మేత సంచులు దిగేవి. అందులో ఏముంటుందని అక్కడి పనివాళ్ళను పిన్నే అడిగింది. చేపపొడి, నూకలు, సోయా చెక్క అన్నారు. ఎక్కడిదో సోయా, ఎవరి చేలో పండిందో, రైలెక్కి లారీ ఎక్కి వచ్చి ఆమె చేలోనే కుమ్మరించారు, ఎక్కడో ఎవరో తినబోయే రొయ్యల కోసం. మనుషులకు పెడితే ఉమ్మారు కదే అన్నది పిన్ని. ఆ తర్వాత బందరులో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది, అక్కడే పోయింది. కబురు తెలిసి నేను బస్సెక్కి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నేను మాత్రం ఆమె చెప్పిన పని మానలేదు. మామగారికి నేనే వడ్డించేదాన్ని. కూర తక్కువ చేయలేదు, మాట తూలలేదు. ఏటా కాలవకు నీళ్ళొచ్చిన రోజున ఆయన కంచంలో అన్నం పెట్టి, మావయ్యగారూ, ఆ రోజు పిన్నిని ఒక్క మాట ఎందుకు అడగలేదండీ అని అడిగేదాన్ని. ఒక ఏడు కంచం తోసేసి లేచారు. ఒక ఏడు విననట్టు తిన్నారు. మా ఆయన అరిచాడు, అత్తయ్య బతిమాలింది. నేను మళ్ళీ ఏడు మళ్ళీ అడిగాను. చివరికి ఆయన మంచాన పడి, నేను చెంచాతో జావ తాగిస్తున్న రోజుల్లో, ఆ మాట అడగకుండానే ఆయనే అన్నారు.

"అడిగితే ఇస్తుందని తెలుసమ్మా. అందుకే అడగలేదు."

మిగతా జావ తాగించి మూతి తుడిచాను. కౌలు చేసుకునే ఒక ఆడమనిషి దగ్గర చెయ్యి చాచడం కన్నా, ఆమె చేను ముంచడం ఆయనకు తేలికయింది. ఒక్క ఆయనకే కాదు, ఆ గట్టు మీద నిలబడిన అందరికీ. ఆ జవాబుతో నా కోపం చల్లారిందనుకునేరు. చల్లారలేదు. ఇవాళ్టికీ రోజూ అన్నం వండి, కడుపునిండా తిని, ఆ కోపాన్ని పెంచుకుంటూనే ఉన్నాను. ఎక్కడ ఎవరు ఎవరి చేను ముంచినా వెళ్ళి అడుగుతూనే ఉన్నాను.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇళ్ళలో కంచాలు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఆ కంచాల ముందు అడిగేవాళ్ళకు ధైర్యం, జవాబు చెప్పేవాళ్ళకు సిగ్గు ఉండాలి. మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి.